మా అమ్ములుకి పదహారు నిండాయి

మే నెలలో మా వైపు కాలువలు కట్టేసి ఉంటాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక మరమ్మతుల కోసం నీళ్లు ఆపి, మళ్లీ జూన్‌లో వదులుతారు. అలాంటి ఎండల్లో పుట్టింది నా కూతురు. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. నేను కువైట్‌లో ఒకరింట్లో వంటా, ఇంటిపనీ చేస్తాను. మొన్న దానికి పదహారు నిండాయి.

అక్కడ అర్ధరాత్రి పన్నెండంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఆ టైముకి నా చేతులు ఇంకా గిన్నెల్లోనే ఉంటాయి. అందుకే దాని పుట్టినరోజున మేమిద్దరం మాట్లాడుకునేది తెల్లవారుజామునే. నాలుగున్నరకి లేచి ఫోన్ చేస్తే అక్కడ ఏడవుతుంది. అప్పటికే అమ్మమ్మ దానికి తలకి నూనె పెట్టేసింది. సున్నిపిండి గిన్నె పట్టుకుని వెనకాలే తిరుగుతోంది. ఇదివరకు పుట్టినరోజున నా గొంతు వింటే ఏడ్చేసేది, నేనూ ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, పొయ్యి నాకు కనిపించేలా సరిచేసి, "అమ్మా, పరమాన్నంలో బెల్లం ఇప్పుడు వెయ్యనా, పాలు విరుగుతాయా?" అని అడుగుతోంది. దించి, కాస్త చల్లారాక వెయ్యమన్నాను. కొత్త బట్టల అంచుకి పసుపు రాసుకుంది. సాయంత్రం వాళ్ల నాన్న రాజోలు నుంచి కేకు తెచ్చారట. ఫొటోలు పంపారు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ సంతోషం ఏమిటంటే, అది పదో తరగతి పాసైంది. మార్కులు బాగానే వచ్చాయి, కానీ నేను చెప్పేది మార్కుల సంగతి కాదు. గల్ఫ్‌లో పనిచేసే ఆడవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. నేను ఏడో తరగతితో ఆపేశాను. పది పాసవని నాలాంటి వాళ్ల పాస్‌పోర్ట్ మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) కింద ఉంటుంది. అంటే కువైట్, సౌదీ, ఒమన్ లాంటి చోట్లకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే ముప్పయ్యేళ్లు నిండితేనే ఇస్తారు. ఆ నిబంధన మన మంచికే పెట్టారు, కాదనను. కానీ ఎవరో ఒకరి చేతిలో కాగితాలు పెట్టి, వాళ్లు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రేపు అమ్ములు పాస్‌పోర్ట్ తీసుకుంటే దాని మీద ఆ ముద్ర ఉండదు. వెళ్తే తన ఇష్టం, వెళ్లకపోతే తన ఇష్టం.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సాగు ఆపేశారు. వాళ్ల బాధ వాళ్లది, పెట్టుబడి కూడా తిరిగి రావడం లేదు. కానీ ఊడ్పులు లేకపోతే ఊడ్పులకి వెళ్లే మాకు కూలి ఎక్కడిది? అప్పటికి అమ్ములుకి రెండేళ్లు. మా అప్పులు ఆ ఏడే మొదలయ్యాయి. నేను విమానం ఎక్కింది ఆ తర్వాత చాలా ఏళ్లకి, అయినా దానికి దారి పడింది మాత్రం అక్కడే.

దాని తండ్రి ఒలుపు కార్మికుడు. నేలలో పాతిన గునపానికి కొబ్బరికాయ గుచ్చి, రెండు మూడు తిప్పుల్లో పీచు ఊడదీస్తారు. ఈ మధ్య కాయలు చిన్నవైపోతున్నాయని ఆయన అంటుంటే అమ్ములు ఊరికే విని వదిలెయ్యలేదు. ఒకరోజు వీడియో కాల్‌లో కొబ్బరాకు పట్టుకొచ్చి చూపించింది. పైన అంతా నల్లటి బూజు. ఆకు తిరగేసింది. ఫోన్ మరీ దగ్గరగా పెడితే మసకగా ఉందని కొంచెం వెనక్కి జరిపింది. ఈనె పక్కన తెల్లటి గుడ్లు, మెలికల ముగ్గు వేసినట్టు చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. "ఇది తెల్లదోమమ్మా. రసం పీల్చి జిగురు వదుల్తుంది. అది కింది ఆకుల మీద పడితే దాని మీద ఈ నలుపు పెరుగుతుంది" అంది. పురుగుమందు కొడితే దోమతో పాటు దాన్ని చంపే మంచి పురుగులూ పోతాయట. అంబాజీపేటలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానంలో అలాంటి మిత్ర పురుగుల్ని పెంచి రైతులకి ఇస్తారట. వాళ్ల సైన్సు మేష్టారు చెప్పారంట. నేను పుట్టి పెరిగింది కొబ్బరి చెట్ల కిందే. ఒక్కసారి కూడా ఆకు తిరగేసి చూడాలని నాకు తోచలేదు. అది చూసింది. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇప్పుడు బైపీసీ తీసుకుంటానంటోంది. తర్వాత ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాసి హార్టికల్చర్ బీఎస్సీ చేస్తుందట. ఆ చదువు చెప్పే యూనివర్సిటీ కూడా దూరమేమీ కాదు, తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలోనే ఉంది. మా ఆడపడుచు మాత్రం ఫోన్ చేసి, "వదినా, మొక్కల చదువేంటి, నర్సింగ్ చేయించు, నీలాగా ఇళ్లల్లో కాకుండా ఆసుపత్రిలో దర్జాగా ఉంటుంది" అంది. ప్రేమతోనే అంది. ఇక్కడి మన నర్సుల్ని చూసి నేనూ అలాగే అనుకునేదాన్ని. అమ్ములుతో అంటే, "నర్సింగ్ మంచిదేనమ్మా, కానీ నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. చెట్టుకి జబ్బు చేస్తే ఎంతసేపైనా చూడగలను" అంది. ఇంక నేనేం మాట్లాడతాను! ఏం కావాలో తెలిసిన పిల్ల. ఫీజులకి డబ్బు సర్దడం నా పని, దానికి టెన్షన్ లేకుండా చూడటం నా పని.

తల్లి దగ్గర లేకపోతే ఆడపిల్ల ఎలా పెరుగుతుందో అని ఊళ్లో అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లందరికీ దాన్ని ఒక్కసారి చూసి మాట్లాడమని చెప్పాలని ఉంటుంది. అమ్మమ్మకి బీపీ మాత్రలు టైముకి వేసేది అదే. వాళ్ల నాన్న అరచేతులు పగిలితే కొబ్బరినూనె రాసేదీ అదే. నేను పంపే డబ్బు దేనికెంత అయిందో పుస్తకంలో రాసి ఫొటో పెడుతుంది. నేనడగలేదు, తనే మొదలుపెట్టింది.

బర్త్‌డేకి ఏం కావాలే అంటే కొత్త ఫోన్ అడుగుతుందనుకున్నాను. నగలవాళ్లు కంటికి పెట్టుకుని చూసే చిన్న భూతద్దం కావాలంది, పది రెట్లు చూపించేది. శుక్రవారం సెలవు రోజున కువైట్ సిటీలోని మాలియా వెళ్లాను. వారమంతా ఎవరింట్లో వాళ్లం ఉండే మన తెలుగువాళ్లం కలిసేది అక్కడే. నాతో వచ్చిన మలికిపురం అక్క ఇద్దరు ముగ్గురు దుకాణాల్లో బేరమాడి కొనిపెట్టింది. ఆవిడ సెలవు మీద ఊరెళ్తోంది, ఆవిడతోనే పంపుతున్నాను. గాజు మీద గీతలు పడకుండా మెత్తటి గుడ్డలో చుట్టమని అమ్ములు రెండుసార్లు గుర్తుచేసింది.

జూన్‌లో కాలేజీ. అమలాపురమైతే రోజూ బస్సులో వెళ్లొస్తానంటోంది, వాళ్ల నాన్న హాస్టల్ అంటున్నారు, అమ్మమ్మ రెండిటికీ ఒప్పుకోవట్లేదు. వచ్చే శుక్రవారం అందరం ఫోన్‌లో కూర్చుని తేల్చుకోవాలి. నా ఓటు మాత్రం బస్సుకే.