చిన్న పుండుకి ఐసీయూనా?

మధ్యాహ్నం మలక్‌పేట మావయ్య వచ్చారు. టీ తాగుతూ, "కాలి వేలి మీద చిన్న పుండుకి ఐసీయూ ఏంటమ్మా, బాగా గుంజారు మీ దగ్గర" అన్నారు. అదీ బాబాయి ఎదురుగానే. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. పెద్దాయనని ఊరుకున్నాను గానీ, ఇప్పుడు నిద్ర పట్టట్లేదు.

చిన్న పుండా? ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్‌కి దారితీసింది అదే. షుగర్‌తో నరాలు మొద్దుబారి, చెప్పు కరిచిన సంగతే బాబాయికి తెలియలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లిన రాత్రి జ్వరం కూడా లేదు. ఎన్నిసార్లు థర్మామీటర్ పెట్టినా 98 దాటలేదు. కానీ మనిషి మనిషిలా లేరు. టీవీ రిమోట్ చెవి దగ్గర పెట్టుకుని, ఎప్పుడో పోయిన తాతయ్యతో పొలం గురించి మాట్లాడుతున్నారు. ఊపిరి ఆయాసంగా ఉంది, చేతులు చల్లబడ్డాయి. షుగర్ డౌన్ అయిందేమోనని పిన్ని పంచదార నీళ్లు కలపబోయింది. మెషీన్‌లో చూస్తే 380.

క్యాజువాలిటీలో నర్సు వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది, నిమిషానికి 28. ఇరవై రెండుకి చేరినా జాగ్రత్తపడతారట. బీపీ 104 అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ మాత్రం "మామూలుగా ఎంత ఉంటుంది?" అని అడిగింది. 150 అన్నాను. "అయితే ఈయనకి ఇది తక్కువే" అంది. వెంటనే ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీసి యాంటీబయాటిక్ ఎక్కించారు. మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే.

సెలైన్ దగ్గరే అసలు చిక్కు. బీపీ నిలబడాలంటే నీళ్లు కావాలి. బాబాయి కిడ్నీలు ముందే అంతంతమాత్రం, ఎక్కించిన నీరు బయటికి పోకపోతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే కొంచెం ఎక్కించడం, స్టెతస్కోప్ పెట్టి వినడం, మళ్లీ కొంచెం ఎక్కించడం. తెల్లవారేసరికి అదీ చాలక, మెడ దగ్గర లైన్ పెట్టి, బీపీ పెంచే మందు నోరాడ్రినలిన్ ఇచ్చారు. తర్వాత డయాలసిస్ చేశారు, వేలు తీసేశారు. ఐసీయూ లేకుండా ఇవన్నీ ఎక్కడ చేస్తారు?

ఇంత రాశాక మావయ్య మీద కోపం కాస్త తగ్గింది. ఈ ఊళ్లో అక్కర్లేని టెస్టుల బిల్లు చూడని ఇల్లు లేదు, ఆయన అనుమానం ఊరికే రాలేదు. ఆసుపత్రి వాళ్లు మాకు మాత్రం ఏం చెప్పారు? "ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లింది" అని ఊరుకున్నారు. క్రిములతో పోరాడే క్రమంలో ఒళ్లు అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకుంటుందని, అదే సెప్సిస్ అని, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అంతకుముందు ఇన్నేళ్ల చెకప్‌లలోనూ అంతే. షుగర్ డాక్టర్ అన్నం తగ్గించమన్నారు, కిడ్నీ డాక్టర్ ఉప్పు తగ్గించమన్నారు. ఇలాంటివాళ్లకి జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరొచ్చని ఒక్కరైనా చెప్పాలి కదా! నా కోపం అసలు అక్కడ.

సాయంత్రం బాబాయి మెట్లు దిగి గేటు దాకా నడిచారు. పిన్ని ముఖం వెలిగిపోయింది.

మావయ్యకీ షుగరే. వెళ్తూ చెప్పులు వేసుకుంటుంటే చూశాను, మడమలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. పొద్దున్నే అత్తయ్యకి ఫోన్ చేయాలి. రోజూ ఆయన పాదాలు చూడమనీ, జ్వరం లేకపోయినా సరే, మాట తేడాగా ఉండి ఆయాసం వస్తే 108కి చేయమనీ చెప్పాలి. బిల్లు సంగతి తర్వాత ఆయనతో నేనే మాట్లాడతాను.