మౌస్ మీద నుంచి చెయ్యి తీసెయ్

ఇంగ్లండులోని లీడ్స్‌కి వచ్చి ఆరేళ్లయింది, ఇంతవరకు ఆఫీసులో నన్ను ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. ఇక్కడివాళ్లు తిట్టినా అది తిట్టని ఇంటికెళ్లాక గానీ తెలీదు. అలాంటిది మొన్న మా టీములో నాకంటే పదేళ్లు చిన్నమ్మాయి నన్ను కారిడార్లో నిలబెట్టి, "ఆవిడ పని ఆవిడ చేసుకుంటుంటే నువ్వు మౌస్ ఎందుకు పట్టుకున్నావు?" అని మొహం మీదే అడిగేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా లెక్కలో నేను చేసింది మంచి పని.

అసలు జరిగింది ఇది. నేను ఇక్కడ ఒక ప్రభుత్వ శాఖకి ఆన్‌లైన్ దరఖాస్తు ఫారాలు తయారుచేసే టీములో డెవలపర్‌ని. ఫారం జనంలోకి వెళ్లేముందు దాన్ని నిజంగా వాడేవాళ్లని పిలిపించి, నింపమని, పక్కన కూర్చుని చూస్తారు. ఆ రోజు వచ్చినావిడకి 61 ఏళ్లు, పుట్టుకతోనే చూపు లేదు. మా కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వేసి ఉంచాం. తెలియనివాళ్లకి చెప్తున్నా, ఇది తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్, ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఒక కుర్రాడు మొదలుపెట్టాడు, తర్వాత చూపులేని ఇంకో స్నేహితుడు కలిశాడు. ఆవిడ కూర్చోగానే చేసిన మొదటి పని దాని వేగం పెంచుకోవడం. ఎంత పెంచిందంటే, అది ఇంగ్లిషేనంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. హెచ్ నొక్కితే హెడింగు నుంచి హెడింగుకి, ట్యాబ్ నొక్కితే గడి నుంచి గడికి, వేళ్లు అలా పోతూనే ఉన్నాయి. మౌస్ ఊసే లేదు. నాలుగు పేజీలు నాకంటే ముందే అయిపోగొట్టింది.

ఐదో పేజీలో పుట్టినతేదీ. అక్కడ నేను మూడు రోజులు కూర్చుని చేసిన క్యాలెండర్ ఉంది, నొక్కితే అందంగా తెరుచుకుంటుంది, టీములో అందరూ బాగుందన్నారు కూడా. ఆవిడకి మాత్రం "వెనక్కి, బటన్" అని వినిపించింది. ఆగింది. "వెనక్కంటే ఎక్కడికి? ముందు పేజీకా?" అని తనలో తనే అనుకుంది. అది వెనక నెలకి వెళ్లే బాణం గుర్తు, చూసేవాడికి ఆ సందేహమే రాదు. నింపినదంతా పోతుందేమోనని ఆవిడ దాన్ని ముట్టలేదు. ముట్టినా ఒరిగేదేం లేదు లెండి, 61 ఏళ్లు వెనక్కి వెళ్లాలంటే ఆ బటన్ 732 సార్లు నొక్కాలి. గడిలో తేదీ టైప్ చేయబోయింది, టైప్ అవ్వదు, అలా అవ్వకుండా చేసింది నేనే, తప్పుడు తేదీలు రాకుండా. చివరికి ఎలాగైతే అలా అవుతుందని ముందుకి వెళ్లే బటన్ నొక్కింది. గడి కింద ఎర్రగా "తేదీ ఇవ్వండి" అని వచ్చింది. తెర మీద వచ్చింది, ఆవిడ చెవికి రాలేదు. మళ్లీ నొక్కింది. ఏమీ వినపడదు. మళ్లీ నొక్కింది.

నా వల్ల కాలేదు. మౌస్ లాక్కుని, "ఒక్క నిమిషం, నేను చేస్తాను" అని టకటకా సంవత్సరం మార్చి, తేదీ పెట్టేశాను. ఎన్‌వీడీఏ ఎక్కడికో గెంతి ఏదో చదవడం మొదలుపెట్టింది, ఆవిడకి తను పేజీలో ఎక్కడుందో తప్పిపోయింది. కీబోర్డ్ మీద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుని, "థాంక్యూ. మా ఇంట్లో నింపేటప్పుడు కూడా వస్తారా?" అంది. నవ్వుతూనే అంది. అది హాస్యం అనుకుని నేనూ నవ్వాను చూడండి, అదీ నా తెలివి.

ఆ తర్వాత కారిడార్లో జరిగింది చెప్పాను కదా. ఆ అమ్మాయి వాదన ఏమిటంటే, మనం చూడాల్సింది ఆవిడ ఎక్కడ ఆగిపోతుందో, ఎంతసేపు ఆగుతుందో, అక్కడ ఏం చేస్తుందో. నువ్వు చెయ్యి పెట్టగానే అదంతా పోయింది, రిపోర్టులో ఇప్పుడేం రాయాలి, ఫారం పూర్తయిందనా? నువ్వు సాయం చేసింది ఆవిడకి కాదు, నీ క్యాలెండర్‌కి. ఈ చివరి మాట మాత్రం ముల్లులా దిగింది.

నేనూ ఊరుకోలేదు, మనసులోనే అనుకోండి. తల్లి వయసున్న మనిషి కళ్ల ముందు ఇబ్బంది పడుతుంటే పెన్నూ కాగితం పట్టుకుని టైం రాసుకుంటూ కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఎవరూ నేర్పలేదు. అలా కూర్చున్నవాణ్ణి మన దగ్గర ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. పైగా వీళ్లేమన్నా మహాత్ములా? ఇక్కడ ప్రభుత్వ వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండాలని చట్టం 2018లోనే వచ్చింది, కొత్త సైట్లకి 2019 సెప్టెంబర్, పాతవాటికి 2020 సెప్టెంబర్ గడువు, డబ్ల్యూసీఏజీ 2.2 అనే ప్రమాణంలో ఏఏ స్థాయి అందుకోవాలి, ఏవి కుదరలేదో ప్రతి సైటూ ఒక ప్రకటన పెట్టాలి. ఆ ప్రకటనలు ఓపిగ్గా చదివితే "పాక్షికంగా పాటిస్తున్నాం" అన్న ముక్క ఎన్నిచోట్ల కనిపిస్తుందో. ఫోన్ చేసి అడుగుదామంటే సంగీతం వింటూ కూర్చోవాలి. మన దగ్గర కనీసం పక్కన ఒక మనిషి ఉంటాడు.

ఆ పక్కన మనిషి దగ్గరే నా ఆలోచన ఇరుక్కుపోయింది.

మా బాబాయ్‌కి నలభై దాటాక రెటీనా జబ్బుతో చూపు పోయింది. ఫోన్లో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వార్తలు వింటాడు, వాట్సాప్‌లో నాకంటే చురుగ్గా ఉంటాడు. కానీ దరఖాస్తు అనేసరికి నెట్ సెంటరే. ఒకసారి నేను వెంట వెళ్లాను. వంకర అక్షరాల క్యాప్చా, దాన్ని వినిపించే దారి లేదు. ఫొటో ఇన్ని కేబీల లోపే ఉండాలి, అది తగ్గించడానికి ఇంకో సైటు. ఈలోపు టైం అయిపోయి అంతా మొదటికి. అందుకని కౌంటర్లో కుర్రాడే నింపుతాడు, పాపం మంచివాడే, విసుక్కోడు. నింపుతూ గట్టిగా అడుగుతాడు, "సదరం సర్టిఫికెట్లో వైకల్యం ఎంత పర్సెంట్ వచ్చింది? ఇంటి ఆదాయం ఎంత? అకౌంట్ నంబర్? ఓటీపీ వచ్చిందా, చెప్పండి." వెనక క్యూలో ఉన్నవాళ్లంతా వింటున్నారు. బాబాయ్ అన్నీ చెప్పాడు. రిటైరైన లెక్కల మాస్టారు, తన జీతం ఎంతో పిన్నికి కూడా సరిగ్గా చెప్పేవాడు కాదు.

ఇంకోసారి వెళ్లినప్పుడు ఆ సెంటర్ బాధ ఎందుకని నేనే ల్యాప్‌టాప్ తెరిచి పది నిమిషాల్లో నింపేశాను. "నువ్వున్నావు కాబట్టి అయిందిరా" అన్నాడు. విమానం ఎక్కేదాకా ఆ మాట నాకు తీపిగానే ఉంది. ఇప్పుడు ఆవిడ "మా ఇంటికి కూడా వస్తారా" అన్నదాన్ని పక్కన పెట్టుకుని వింటుంటే, రెండూ ఒకే మాటలా ఉన్నాయి.

మన దగ్గర చట్టం లేదని కాదు. వికలాంగుల హక్కుల మీద 2016 చట్టం ఉంది, అందులో గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి, వెబ్‌సైట్ల సంగతీ ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ కేసు ఎలా మొదలైందో తెలుసా, కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు, యాసిడ్ దాడిలో కనురెప్పలు దెబ్బతిన్నవాళ్లని. ఆ కెమెరా పెట్టినవాడు చెడ్డవాడై ఉండడు. నాలాగే మూడు రోజులు కూర్చుని చేసి ఉంటాడు, టీములో అందరూ బాగుందని ఉంటారు.

మరి అన్ని అడ్డంకులున్న ఫారాలు ఏళ్ల తరబడి ఎలా నడుస్తున్నాయంటే, కౌంటర్లో కుర్రాడు నడిపిస్తున్నాడు, నేను నడిపిస్తున్నాను. కంప్యూటర్ లెక్కలో బాబాయ్ దరఖాస్తు పది నిమిషాల్లో, ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఆ ఫారం చేసినవాడికి ఏదో తేడా ఉందని ఎలా తెలుస్తుంది? ఇది రాస్తున్నప్పుడు కూడా నాలో ఒకడు, అయితే నింపకుండా వదిలేసి రావాల్సిందా అని అడుగుతూనే ఉన్నాడు.

క్యాలెండర్ తీసేశాను. ఇక్కడి ప్రభుత్వ డిజైన్ సిస్టంలో, అంటే ప్రభుత్వ సైట్లు వాడుకోవడానికి సిద్ధంగా ఉంచిన ముక్కల్లో, మొదటి నుంచీ ఉన్నదే పెట్టాను, రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు గళ్లు, టైప్ చేసుకోవడమే. తప్పు జరిగితే పేజీ నెత్తిన ఒక పెట్టె వస్తుంది, స్క్రీన్ రీడర్ నేరుగా అక్కడికే వెళ్లి ఏం తప్పో చదువుతుంది, ఆ వాక్యం మీద ఎంటర్ కొడితే తప్పున్న గడిలోకి దిగుతుంది. పేజీ పేరు ముందు కూడా "ఎర్రర్" అని చేరుతుంది, ముందు చెవిన పడేది అదే కాబట్టి. టైం అయిపోయే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అదీ పెట్టాం. మొత్తం ఒకటిన్నర రోజు పని. చూడ్డానికి బోసిగా ఉంది, నిజం చెప్పాలంటే.

ఆవిడ మళ్లీ వచ్చింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, ఆ చిన్నమ్మాయి చూసి నవ్వాపుకుంది. పుట్టినతేదీ ఎప్పుడు దాటిందో కూడా తెలీలేదు. అడ్రస్ దగ్గర ఆగింది, పోస్ట్‌కోడ్ కొట్టాక వచ్చే జాబితా వచ్చిందన్న సంగతి వినపడలేదు. 1 నిమిషం 50 సెకన్లు. ఈసారి రాసుకున్నది నేనే. అంతసేపు ఊరుకోవడం ఎంత కష్టమో ఏం చెప్పను, తర్వాత తనే దారి కనుక్కుని ముందుకెళ్లింది.

ఆదివారం బాబాయ్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆ రోజు నేను నింపకుండా ఉండాల్సిందేమో బాబాయ్ అన్నాను. "నింపకపోతే నా పెన్షన్ నువ్విస్తావుట్రా?" అన్నాడు. కాసేపు పిన్నితో ఏదో మాట్లాడి మళ్లీ లైన్లోకి వచ్చి, "ఇందాక చెప్పావే, ఆ మూడు గళ్లు, అవి ఇక్కడ పెట్టాలంటే ఎవరికి రాయాలి? అడ్రస్ చెప్పు, నేను రాస్తాను" అన్నాడు.