నాలుగో రోజు ఒక ముక్క మింగింది

ఆదివారం, నల్లగొండ.

పొద్దున ఆరింటికి తొట్టిలో నీళ్లు 18 డిగ్రీలు, మధ్యాహ్నం రెండింటికి 20. తొట్టిలో ఉన్నది ఆక్సలాటల్, అంటే బల్లి ఆకారంలో ఉండి, తల పక్కన మొప్పల కుచ్చులతో నీళ్లలోనే బతికే కప్పజాతి చుట్టం. దానికి తిండి మార్చాలంటే ఎండలు ముదరకముందే మార్చాలి. నీళ్లు 22, 23 దాటాయంటే అలవాటైన తిండే ముట్టదు, ఇక కొత్తది ఏం ముడుతుంది! ఏప్రిల్‌లో ఐసు సీసాలతో నెట్టుకొచ్చే తొట్టిలో ఈ పని పెట్టుకోవద్దు.

ఇన్నాళ్లూ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బ్లడ్‌వార్మ్ (దోమలాంటి ఈగ ఎర్రటి లార్వాలు) క్యూబులే. పిల్లప్పుడు అవి చాలు. జానెడు పొడవు వచ్చాక వాటితో కడుపు నిండదు. పైగా సగం చెదిరి అడుగున కుళ్లి అమోనియా పెంచుతాయి. ఇప్పుడు పెడుతున్నది ఎర్రలు, అంటే వానపాములు. అవి దొరకని రోజుకు మునిగే పెల్లెట్లు.

ఎర్రలు ఎక్కడివన్నదే అసలు సంగతి. వరి ఒడ్డు కింద తవ్వితే బోలెడు వస్తాయి, కానీ ఆ మడిలో గుళికల మందు చల్లి ఉంటారు. అవి వద్దు. మందు తగలని వర్మీకంపోస్టు బెడ్డువి నయం. వాటిలో సన్నగా, చారలతో ఉండే ఎర్రటి రకానికి ఒక తిరకాసుంది: నొక్కితే చేదు పసుపు ద్రవం వదులుతుంది. ఆక్సలాటల్ నోట్లోకి లాగి, రెండుసార్లు తల విదిలించి ఉమ్మేస్తుంది. మొండికేసిందని తిట్టుకుంటాం గానీ తప్పు దానిది కాదు. పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో ఎర్రను ఐదారు సెకన్లు ముంచి, చన్నీళ్లలో కడిగి, రెండు సెంటీమీటర్ల ముక్కలు కోయాలి. ముక్క ఆక్సలాటల్ తల వెడల్పు కంటే పెద్దది కాకూడదు. దాని పళ్లు పట్టుకోవడానికే తప్ప నమలడానికి పనికిరావు. నోరు తెరిచి నీళ్లతో సహా పీల్చుకుంటుంది. అందుకే అడుగున గులకరాళ్లు ఉండకూడదు, తిండితో పాటు అవీ లోపలికి పోతాయి.

మూడు రోజులు ఏమీ పెట్టలేదు. పెద్దదానికి వారం పస్తున్నా ప్రమాదం లేదు. మూడంగుళాల లోపు పిల్లకు మాత్రం ఈ ఉపాయం వద్దు, దానికి రోజూ తిండి పడాలి.

పొద్దుగూకాక లైటు ఆర్పి, మొన మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ పట్టకారుతో ముక్కను ముట్టె పక్కన అంగుళం దూరంలో పెట్టి మెల్లగా కదిలించాలి. మొప్పల కుచ్చులకు తగిలిందా, వెనక్కి జరిగి ఇక రాదు. ఇవాళ మొదటిసారి పట్టించుకోలేదు. రెండోసారి తల తిప్పింది, కాసేపు కదల్లేదు, ఒక్కసారిగా టప్పున మింగింది. వాసన పట్టడానికి ఆ ముక్కను ముందే బ్లడ్‌వార్మ్ కరిగిన ఎర్రనీళ్లలో ముంచి ఉంచాను. పెల్లెట్లకూ అదే చిట్కా: రెండు నిమిషాలు నాననిస్తే మెత్తబడి, లోపలి గాలి పోయి మునుగుతాయి. మరీ నానితే పిండై నీళ్లు పాడుచేస్తాయి.

కొత్తది వద్దన్న వెంటనే జాలిపడి పాత క్యూబు వేయడం అందరూ చేసే పొరపాటు. కాసేపు ఆగితే అదే వస్తుందని అది నేర్చుకుంటుంది. మూడుసార్లు చూపించి, తీసుకోకపోతే ఆపేసి మర్నాడు మళ్లీ చూడాలి. మొప్పలు ముందుకు వంగినా, తోక కొన చుట్టుకున్నా, పొట్ట తల కంటే సన్నబడ్డా తిండి గొడవ పక్కనపెట్టి నీళ్లు పరీక్షించాలి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నల్లా నీళ్లు యాంటీ క్లోరిన్ వేయకుండా పోస్తే ఎంత మంచి ఎర్ర పెట్టినా దండగే.

తొమ్మిదింటికి టార్చి వేసి చూస్తే రెండో ముక్క అడుగున అలాగే ఉంది. పెద్ద సిరంజితో తీసేశాను. ఒకటి తిన్నది కాబట్టి రేపు ఏమీ పెట్టేది లేదు. మళ్లీ మంగళవారం రాత్రి.