టైప్‌రైటర్ స్థానంలోకి వచ్చిన 399 పౌండ్ల కంప్యూటర్

తొలినాటి చవక కంప్యూటర్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా సింక్లెయిర్ స్పెక్ట్రమ్, కమోడోర్ 64 పేర్లే ముందు వినిపిస్తాయి. పిల్లల ఆటలతో పేరు తెచ్చుకున్న యంత్రాలు కాబట్టి వాటి అభిమానులు నేటికీ వాటిని తలచుకుంటూనే ఉన్నారు. ఉత్తరాలు, బిల్లులు, నివేదికలు తయారుచేసుకొనే చిన్న కార్యాలయాల కోసం, ఇంట్లోనే రాతపని సాగించేవారి కోసం 1985 సెప్టెంబరులో బ్రిటన్‌లో విడుదలైన ఆమ్‌స్ట్రాడ్ పీసీడబ్ల్యూ 8256కు ఆ వైభవం దక్కలేదు. అయితే కంప్యూటర్ గురించి ఏమాత్రం ఆసక్తి లేని మనిషి చేత కూడా కంప్యూటర్ కొనిపించిన ఘనత, నా లెక్కలో, ఆ దేశంలో మొదట దీనికే చెందాలి.

దాని ధర పన్ను కాకుండా 399 పౌండ్లు. ఆ సొమ్ముకు ఆకుపచ్చ అక్షరాల మానిటర్, కీబోర్డు, డిస్క్ డ్రైవ్, చుక్కలతో అక్షరాలు అచ్చువేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, లోకోస్క్రిప్ట్ అనే వర్డ్ ప్రాసెసర్ (రాతపని ప్రోగ్రాము) అన్నీ ఒకే కొనుగోలులో వచ్చేవి. అంతకు కొద్దికాలం ముందు బీబీసీ మైక్రో మోడల్ బీ అనే కంప్యూటర్ కూడా దాదాపు అదే ధరకు అమ్ముడయ్యేది. కానీ తెర, డ్రైవ్, ప్రింటర్ విడివిడిగా కొనుక్కోవలసి వచ్చేది. ఐబీఎం పీసీ తరహా యంత్రాలైతే అప్పటి బ్రిటన్‌లో వెయ్యి పౌండ్లు దాటేవి.

ఆమ్‌స్ట్రాడ్ అధిపతి ఆలన్ షుగర్ వ్యానులో కారు యాంటెన్నాలు, విద్యుత్ సామాన్లు అమ్ముతూ పైకి వచ్చిన వ్యాపారి. టైప్‌రైటర్ స్థానంలో పెట్టదగిన చవక యంత్రం ఎలా ఉండాలో ఆయన విమాన ప్రయాణంలో ఒక బొమ్మ గీసి, దాన్ని తన ఇంజనీరు రోలండ్ పెర్రీ చేతిలో పెట్టారు. ఆ తొలి బొమ్మలో ప్రింటర్ కూడా కంప్యూటర్ పెట్టెలోనే ఇమిడి ఉంది. తరువాత దాన్ని వేరుచేశారు. తయారీలో ఉన్నంతకాలం యంత్రాన్ని షుగర్ కార్యదర్శి పేరుతో ‘జాయిస్’ అని పిలిచేవారు. జర్మనీలో ష్నైడర్ సంస్థ ఆ పేరుతోనే దాన్ని అమ్మింది.

ధర అంతగా ఎలా తగ్గిందన్నదే ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకొనే భాగం. లోపల ఉన్నది 4 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80 చిప్. 1985 నాటికే అది పాతది, అందుకే చవకైనది. అది ఒకసారికి 64 కిలోబైట్ల మెమరీని మాత్రమే చూడగలదు కాబట్టి, యంత్రంలోని 256 కిలోబైట్లను భాగాలుగా మార్చిమార్చి చూపేవారు. అందులో 112 కిలోబైట్లు మెమరీలోనే ఉండే డిస్కుగా పనిచేసేవి. కంప్యూటర్ సర్క్యూట్లన్నిటినీ మానిటర్ పెట్టెలోనే అమర్చడంతో మరో పెట్టె ఖర్చు తప్పింది. ప్రింటర్‌కు సొంత తెలివి గానీ, సొంత విద్యుత్ సరఫరా గానీ లేవు. రెండూ మానిటర్ నుంచే అందేవి. యంత్రాన్ని మేల్కొలిపే తొలి సూచనలకు మామూలుగా ఒక ప్రత్యేక చిప్ ఉంటుంది. ఇక్కడ దాన్నీ తీసివేసి, ప్రింటర్‌ను నడిపే చిన్న చిప్‌లోనే 256 బైట్ల సూచనలు దాచారు. స్విచ్ వేయగానే జెడ్80 వాటిని అక్కడినుంచి తెచ్చుకొని, ఆపైన డిస్క్‌ను చదవడం మొదలుపెట్టేది. ఇంతటి పొదుపరితనాన్ని నేను మరే కంప్యూటర్‌లోనూ చూడలేదు.

వాడుకరికి ఇవేవీ తెలియనవసరం లేదు. డార్కింగ్ పట్టణంలోని లోకోమోటివ్ సంస్థ రాసిన లోకోస్క్రిప్ట్ డిస్క్ పెడితే నేరుగా పత్రాల పట్టిక తెరపైకి వచ్చేది. కట్, కాపీ, పేస్ట్‌లకు కీబోర్డు మీద విడిగా మీటలుండేవి. తెర మీద వరుసకు 90 అక్షరాల చొప్పున 32 వరుసలు పట్టేవి. చాలా ఖరీదైన యంత్రాలు కూడా ఆనాడు 80 అక్షరాలు, 25 వరుసల దగ్గరే ఆగేవి. లెక్కలు చూసుకోవాలనుకొనేవారికి సీపీ/ఎం ప్లస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, మల్లార్డ్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా పెట్టెలోనే ఉండేవి.

ఈ పొదుపుకు వాడుకరి చెల్లించిన మూల్యమూ ఉంది. నాణ్యమైన ముద్రణలో ప్రింటర్ వేగం సెకనుకు 20 అక్షరాలే. అంటే రెండు వేల అక్షరాల పుటకు నిమిషంన్నర దాటేది. మరో ప్రింటర్ తగిలించాలంటే దాన్ని జోడించేందుకు అదనంగా ఒక ఇంటర్‌ఫేస్ పరికరం కొనాలి. మానిటర్ పాడైతే కంప్యూటర్ మొత్తం మరమ్మతుకు వెళ్లవలసిందే. అయినా ఆ యంత్రాలు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయాయి. 1987లో, అక్షరాలున్న చక్రంతో టైప్‌రైటర్‌లా అచ్చువేసే డైసీవీల్ ప్రింటర్‌తో పీసీడబ్ల్యూ 9512 వచ్చింది.

మధ్యలో 1986లో ఆమ్‌స్ట్రాడ్ నుంచే వచ్చిన పీసీ1512 సంగతి ఒకటి చెప్పాలి. ఐబీఎం పీసీకి సరిపోలే ఈ యంత్రం ప్రారంభ ధర కూడా 399 పౌండ్లే. విద్యుత్ సరఫరా మానిటర్‌లోనే ఉన్నందున దానికి ఫ్యాన్ అవసరం లేదు. కానీ ఫ్యాన్ లేకపోతే వేడెక్కిపోతుందని ప్రచారం సాగడంతో, పెద్ద కంపెనీల కొనుగోలుదారుల తృప్తి కోసం షుగర్ చివరికి ఒక ఫ్యాన్ పెట్టించారు.

పీసీడబ్ల్యూ విషయంలో చివరికి ఇబ్బంది పెట్టింది దాని 3 అంగుళాల డిస్కే. లోకమంతా మూడున్నర అంగుళాల డిస్కుకు మారిపోయింది. పాత డ్రైవుల్లోని రబ్బరు బెల్టులు కాలక్రమంలో సాగి, జిగురుగా మారి తెగిపోతాయి. లోకోస్క్రిప్ట్ ఫైళ్ల నిర్మాణం కూడా వేరే కావడం వల్ల, ఆ డిస్కుల్లో మిగిలిన రాతలను నేటి కంప్యూటర్‌లోకి తెచ్చుకోదలచినవారు ముందుగా కొత్త బెల్టు వేయాలి, ఆపైన అక్షరాలను మార్చిపెట్టే ప్రోగ్రాము సంపాదించాలి.