చావు డప్పు, జర్మన్ క్లాసు

పడుకుందామని లైటు తీసేసి మళ్ళీ లేచాను. మామ అన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "ఏందమ్మా, ఇంట్ల చావు డప్పు పెట్టుకున్నవ్?"

అత్తమ్మ, మామ పరకాల నుంచి చిన్న బావ పెళ్ళి పత్రిక పట్టుకుని వచ్చారు. వస్తామని చెప్పలేదు. అత్తమ్మ ఎప్పుడు చెప్పింది గనక. నేను గదిలో ఇస్త్రీ బట్టలు సర్దుకుంటూ స్పీకర్లో కోర్పిక్లాని పెట్టుకున్నా, తలుపు దగ్గరగా వేసి. ఫిన్లాండ్ బ్యాండ్ వాళ్ళది, ఫోక్ మెటల్ అంటారు, జానపద వాద్యాలకు గిటార్ల హోరు, గర్జించే గొంతు కలిపే సంగీతం. ఫిడేలు, అకార్డియన్ హుషారుగా నడుస్తున్నంతసేపు ఎవరికీ అభ్యంతరం లేదు. హాల్లో అత్తమ్మ అమ్మకు బొట్టు పెట్టబోతోంది. సరిగ్గా అప్పుడే గిటార్లు మీద పడ్డాయి, ఆ ఫిన్లాండాయన గొంతు చించుకున్నాడు. కుంకుమ అంటిన అత్తమ్మ వేలు అమ్మ నుదుటికి జానెడు దూరంలో ఆగిపోయింది. తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. నేను ఉరికి ఆపేలోపు మామ ఆ మాట అననే అన్నాడు.

పాటను తిడితే నాకు కోపం రాదు, అలవాటైపోయింది. రోడ్డు తవ్వే మిషను వచ్చిందా అని అమ్మ రోజూ అడుగుతుంది. అక్కయితే తన పిల్లలను నా గదిలోకే రానివ్వదు. బాపమ్మ ఉన్నప్పుడు ఒకసారి ఆమె చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, గుర్గురుమని పాడేవాళ్ళది ఒకటి వినిపించాను. మొత్తం ఓపిగ్గా వినింది. "పాపం, ఆ పిలగానికి గొంతు పట్టింది బిడ్డా, పాలల్ల మిరియాలేసుకొని తాగమను" అంది. వెక్కిరింపు కూడా కాదు, నిజంగానే జాలిపడింది. ఫోక్ మెటల్ మీద మా ఇంట్లో వచ్చిన అభిప్రాయాల్లో నాకు బాగా నచ్చింది అదే.

మామ మాటలో నాకు గుచ్చుకున్నది డప్పు. ఊళ్ళో డప్పు దేనికి మోగదు? పెళ్ళికి, బోనాలకు, పీర్ల పండక్కి, చాటింపుకు మోగుతుంది. చావుకూ మోగుతుంది. వీళ్ళకు ఆ చివరిదొక్కటే గుర్తుంటుంది. ఆ మాటలో ఎవరిని కిందేసి మాట్లాడుతున్నారో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

పెద్ద బావ బరాత్‌కు డప్పులవాళ్ళను పిలిపించింది ఈ మామే. ఊరేగింపుకు ముందు వాళ్ళు రోడ్డు పక్కన గడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటుంటే నేను అక్కడే నిలబడ్డాను. ఒక పెద్దాయన డప్పును మంట మీద అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, తృప్తి లేక మళ్ళీ కాచాడు. తోలు బిగిస్తే గానీ ఆ కణకణ రాదు. తర్వాత చిర్ర, సిటికెన పుల్ల అందుకుని ఒక్క దరువు వేసేసరికి వీధంతా బయటికొచ్చింది. మామ తువ్వాల తలకు చుట్టుకుని చెమటలు కారేదాకా తీన్మార్ ఆడాడు. భోజనాల దగ్గర డీజే పిల్లాడికి కూల్‌డ్రింకు, కుర్చీ. డప్పులవాళ్ళకు మాత్రం విస్తర్లు గోడ పక్కన వేశారు. 2022లో కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే దండాల బొమ్మలతో పంపింది కూడా ఈ మామే. అప్పుడెవరూ డోలును చావుతో కలపలేదు. ఇదంతా ఆయన ముందు అనొచ్చు కదా అంటారు. పెళ్ళి పత్రిక చేతిలో పెట్టిన మనిషితో ఏమంటాం? చాయ్ ఇచ్చాను.

సరే, అసలు కథ ఇది కాదు. నన్ను లేపి కూర్చోబెట్టింది బాపు.

"అది పాట కాదు బావా, జర్మన్ క్లాసు. ఆఫీసుల అవసరం పడుతదట, నేర్చుకుంటుంది" అన్నాడు. ముఖంలో ఏ తేడా లేదు.

"క్లాసుల డప్పులెందుకు?"

"పాట లెక్క చెప్తే తొందరగ ఎక్కుతదట."

పాడుతున్నది ఫిన్నిష్. దానికి జర్మన్‌తో చుట్టరికం కూడా లేదు, ఉన్నది ఎస్టోనియన్‌తో. అది పక్కన పెట్టండి. మా పిల్లకు ఆ పాటలంటే ఇష్టం అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? తెలియదనడానికి లేదు, ఆయనకు నేను చెప్పనిది లేదు. 1990లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మొదలైన స్కైక్లాడ్ వాళ్ళు మెటల్‌లోకి ఫిడేలును తెచ్చి ఈ దారి వేశారని చెప్పాను. స్విట్జర్లాండ్ ఎలువెయిటీ వాళ్ళ దగ్గర పిడి తిప్పితే చక్రం తీగలను రాసుకుంటూ మోగే పాతకాలపు వాద్యం ఉందని, ఇవాళ ఎవరింట్లోనూ మాట్లాడని గాలిష్ భాషలో వాళ్ళు పాటలు కట్టారని చెప్పాను. మంగోలియా నుంచి వచ్చిన ద హు వాళ్ళు వాయించే మోరిన్ ఖూర్ ఫోటో చూపించాను, తలకట్టు మీద గుర్రం తల, రెండే తీగలు. మన ఢిల్లీ బ్లడీవుడ్ వాళ్ళు ఢోల్ పట్టుకెళ్ళి 2019లో జర్మనీలో వాకెన్ అనే మెటల్ పండగలో వాయించిన వీడియో కూడా పెట్టాను. అన్నీ విని "జీతం ఎంతొస్తదో వాళ్ళకు" అన్నాడు.

చివరికి, "బాపూ, ఐలోని జాతరల ఒగ్గు డోలు ఎట్లనో ఇదీ అట్లనే" అన్నాను. దానికి మాత్రం ఏమీ అనలేదు. టీవీ సౌండు తగ్గించాడు, అంతే.

ఐలోని, అదే ఐనవోలు, అంటే గుర్తొచ్చింది. రాయక తప్పదు.

అప్పుడు నేను చిన్నదాన్ని, బాపమ్మ చెయ్యి పట్టుకుని నడిచే వయసు. సంక్రాంతి రోజుల్లో ఐనవోలు మల్లన్న గుడి చుట్టూ కాలు పెట్టే సందు ఉండదు. గాలి నిండా బండారి పసుపు, ముక్కులోకి పోయి తుమ్ములు. రంగు పొడులతో పట్నం ముగ్గు వేసిన చోట ఒగ్గు పూజారులు గుండ్రంగా నిలబడ్డారు. మొదట నెమ్మదిగా కొట్టారు. తర్వాత ఎవరు సైగ చేశారో తెలియదు, అన్ని డోళ్ళూ ఒక్కసారి వేగం అందుకున్నాయి. నాకు చెవుల కంటే ముందు కడుపులో వినిపించింది. నా చేతి మీద బాపమ్మ పట్టు వదులైంది. తల ఎత్తి చూస్తే ఆమె కళ్ళు నన్ను చూడట్లేదు. కొప్పు ఊడిపోయింది. ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి, తనది కాని గొంతుతో అరుస్తూ ఊగుతోంది. అమ్మ నన్ను వెనక్కి లాగింది. నేను ఏడవలేదు, నోరు తెరుచుకుని చూశాను. బాపు తాపీగా ముందుకు పోయి, ఆమె ముక్కు మీది నుంచి కళ్ళద్దాలు తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని పక్కన నిలబడ్డాడు, ఏటా చేసే పనిలాగా. డోలు ఆగింది. బాపమ్మ నీళ్ళు తాగింది, అద్దాలు అడిగి తీసుకుంది, కాసేపటికి గాజుల దుకాణం దగ్గర బేరం ఆడుతోంది.

గర్జించే గొంతంటే నాకు భయం లేకపోవడానికి కారణం ఇదేనని చాలామందికి చెప్పాను. ఇప్పుడు రాస్తుంటే ఆ వాదన నాకే సరిగ్గా అతకట్లేదు. ఐలోనిలో ఎవరూ వినడానికి రాలేదు. ఒగ్గు ఆయన పట్నం వేసి, మేడలమ్మ, కేతమ్మలతో మల్లన్న పెళ్ళి చేసే పూజారి. డోలు వేగం అందుకుంటే దేవుడి కోసం అందుకుంటుంది. కోర్పిక్లాని వాళ్ళది టికెట్ కొన్న జనం ముందు చేసే కచేరీ, బయట టీషర్టులు అమ్ముతారు. రెండూ ఒకటే అని నేను అంటుంటే పైన మల్లన్న ఏమనుకుంటాడో గానీ, బాపు ఏమనుకుని ఉంటాడో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. వాళ్ళమ్మ ఊగిన చోటును తీసుకెళ్ళి నేను యూట్యూబ్ వీడియో పక్కన పెట్టాను.

అయినా కడుపులో తగిలే దెబ్బ మాత్రం ఒకేలా ఉంటుంది. దానికి నేనేం చెయ్యను. పెద్ద బావ ఒకసారి అన్నాడు, అంతిష్టమైతే చుక్క సత్తయ్య ఒగ్గుకథ వినొచ్చు కదా అని. వింటాను బావా. కానీ బట్టలు సర్దేటప్పుడు వినలేను, కథ నడుస్తుంటే చేతులు ఆగిపోతాయి.

అడగకుండానే అద్దాలు తీసి జేబులో పెట్టుకునే మనిషి కాబట్టి నాకోసం కూడా అలాగే ఆ జర్మన్ అబద్ధం ఆడాడని రాద్దామనుకున్నా. రాసి కొట్టేశాను, మరీ సినిమా డైలాగులా ఉంది. బావ ముందు పరువు కోసం ఆడాడు, అంతే. ఇంకా పెళ్ళి కాని పిల్ల రాత్రిపూట అరుపులు వింటుందని పరకాల దాకా పాకితే ఆయనకు నిద్ర పట్టదు. కోపం సగం తగ్గింది, సగం ఉంది.

ఆ సగం కూడా ఉంచుకునే టైం లేదిప్పుడు. మామ ఇంటికి పోగానే వాళ్ళ అన్న కొడుక్కి చెప్పేశాడు, ఆ అబ్బాయి స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. ఇందాకే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది, సగం తెలుగు, సగం జర్మన్. ఏ లెవెల్లో ఉన్నారు, ఏ1 అయిపోయిందా, ప్రాక్టీసుకు ఆదివారాలు మాట్లాడుకుందామా అని. వెళ్ళి బాపును లేపాను. పూర్తిగా విని, దుప్పటి మీదికి లాక్కుంటూ అన్నాడు, "ఏ2 అని చెప్పు. తక్కువ ఎందుకు చెప్పాలె?"