కోట్‌పల్లి రేగడి, హైలక్స్ టైర్లు

హైదరాబాద్‌లో అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ దిగితే మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. చేవెళ్ల మర్రిచెట్లు, మక్క కంకులు కాల్చే బండ్లు, రోడ్డు వెడల్పు పనులు, అన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టు వెనకాల పొలాల మధ్య 400 మీటర్ల నల్లరేగడి బాట ఒకటుంది. ఇది రాయాలనిపించింది దాని వల్లే.

మా టొయోటా హైలక్స్ పికప్‌కు కొత్తగా వేయించిన ఏటీ (ఆల్ టెరైన్, అంటే తారురోడ్డుకూ మట్టిబాటకూ పనికొచ్చే) టైర్లకు అదే మొదటి వాన. సెప్టెంబరు నెల, ముందురోజు రాత్రి దంచి కొట్టింది. వికారాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి, మొరం బాటల్లో టైర్లు హాయిగా నడిచాయి. మొరంలో నీళ్లు ఇంకిపోతాయి, అడుగు గట్టిగా ఉంటుంది. టైరు గడుల మధ్య సందులు పైనున్న పలుచని బురదను పక్కకు నెట్టేసి కింది గట్టినేలను పట్టుకుంటాయి. టైర్లలో గాలి 26 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించేసరికి కుదుపు కూడా బాగా తగ్గింది.

రేగడి అలా కాదు. పది మీటర్లు పోగానే సందులన్నీ నిండి నాలుగు చక్రాలూ నున్నగా తయారయ్యాయి. స్టీరింగ్ కుడికి తిప్పినా బండి తిన్నగానే పోతోంది. "మడ్ టైర్లే వేయించాల్సింది" అన్నాడు మా బావ. ఎదురుగా ట్రాక్టర్ ఆపి దిగిన పెద్దాయన మా చక్రం దగ్గర కూర్చుని, పుల్లతో సందులో మట్టి గీకి చూపించాడు.

"ఏ టైరేసినా గింతే సారూ. మా ట్రాక్టర్ పెద్ద చక్రమే నిండుతది. సక్కగ పోనియ్యి. నడుమ ఆపకు, తిప్పకు."

ఆయన మాట అక్షరాలా నిజం. రేగడి బంకమట్టి, ఒకసారి అంటుకుంటే చక్రం జోరుగా తిరిగి విసిరేస్తే తప్ప వదలదు. మడ్ టైరుకు సందులు పెద్దవి కాబట్టి కాస్త ఆలస్యంగా నిండుతుంది, కాస్త త్వరగా ఖాళీ అవుతుంది. ఆ కాస్త కోసం రానూపోనూ దాదాపు 200 కిలోమీటర్ల తారురోడ్డు మీద హోరు భరించాలి, తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే దూరం పోయి ఆగడం భరించాలి. నా మటుకు ఆ బేరం గిట్టదు. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే మోడ్), రెండో గేర్లో, 20 పీఎస్ఐతో, యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా పోతే ఏటీ టైర్లే గట్టెక్కించాయి.

20 కంటే కిందికి దించకపోవడానికి కారణం 18 అంగుళాల రిమ్ము. 265/60 ఆర్18లో (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 18 అంగుళాలు) టైరు పక్కగోడ ఎత్తు 159 మిల్లీమీటర్లే. గాలి ఇంకా తీస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము సొట్టపోతుంది, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. అదే 265/65 ఆర్17 అయితే పక్కగోడ 172 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసంలో తేడా ఒక్క మిల్లీమీటరే, స్పీడోమీటరు లెక్క మారదు. మట్టిబాటలే ముఖ్యమనుకునేవాళ్లు ముందు 17 రిమ్ముల సంగతి చూడాలి, గడుల డిజైను తర్వాత. కొనే ముందు ఒక రిమ్ము తొడిగి, చక్రం లోపలుండే బ్రేక్ కాలిపర్‌కు తగలడం లేదని చేత్తో తిప్పి చూసుకోవాలి. 18 మీదే 265/65 ఎక్కిస్తే చక్రం 3.4 శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తుంటే బండి 103 మీద ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌ఫ్లాప్‌కు రాసుకునే ప్రమాదమూ ఉంది.

ధరలు మండిపోతున్నాయి. 2020 జూన్‌లో దిగుమతుల మీద ఆంక్షలు వచ్చాక విదేశీ రకాల్లో కావలసిన సైజు అడిగినప్పుడల్లా దొరకడం లేదు. అందుకే స్టెప్నీతో కలిపి ఐదూ ఒకేసారి కొనడం మేలు. రాణిగంజ్‌లో ఒక షాపతను కొత్తదని చూపించిన టైరు మీద తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు 1122. అంటే 2022లో 11వ వారం సరుకు. అడిగితేనే వెనక్కి పెట్టాడు. ఆ అంకెలతో పాటు ఐఎస్ఐ గుర్తు, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కూడా చూడాలి. 110 అంటే టైరుకు 1060 కిలోలు, 112 అంటే 1120. కంపెనీ ఇచ్చిన దానికి తగ్గకూడదు. సైజుకు ముందు 'ఎల్‌టీ' (లైట్ ట్రక్) అని ఉన్న రకం రోజూ బరువు మోసే బండికి, పదునురాళ్ల బాటలకు మంచిది. వారాంతపు ఖాళీ పికప్‌కు వేస్తే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది.

తిరుగుదారిలో వెనక ఎడమ టైరు మెల్లగా గాలి వదిలింది. ముందు చక్రం లేపి నిలబెట్టిన రాయి వెనక చక్రానికి గుచ్చుకోవడం మామూలే, పైగా తడి రబ్బరు తేలిగ్గా తెగుతుంది. మన్నెగూడ పంచర్ షాపు కుర్రాడు వేలితో తడిమి, "నీ నసీబ్ మంచిగుంది అన్నా, నడుమ గుచ్చింది. పక్కకు తెగితే కొత్తదే" అన్నాడు. సూదితో స్ట్రిప్ ఎక్కించి, సబ్బునీళ్లు పోసి బుడగలు రావడం లేదని చూపించాడు. లోపలి నుంచి ప్యాచ్ వేయించేదాకా జోరుగా పోవద్దని చెప్పి పంపాడు.

మిగతా మూడింటికి మేమే గాలి కొట్టాం. పెద్ద కంప్రెసర్‌ను డ్యాష్‌బోర్డు సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోతుంది, క్లిప్పులు నేరుగా బ్యాటరీకే తగిలించాలి.

చేవెళ్ల దగ్గరికి వచ్చేసరికి 80 దాటితే స్టీరింగ్ వణకడం మొదలైంది. అలైన్‌మెంట్ పోయిందని బావ కంగారు. సర్వీసింగ్ షెడ్డులో ఆపి వంగి చూస్తే, రిమ్ముల లోపలివైపు రేగడి ఎండి పెళ్లలు కట్టి ఉంది, ఒక్కోదానికి గుప్పెడు. ప్రెషర్ గన్‌తో లోపలి నుంచి కొట్టించాం. ఔటర్ ఎక్కేసరికి వణుకు లేదు.