రోహిణి కార్తెలో ర్యామ్‌కు విసనకర్ర

మే 27, బుధవారం. విజయవాడ.

తెల్లవారుజామున వసిష్ఠుడు, మధ్యాహ్నానికి దూర్వాసుడు. నా కంప్యూటరు సంగతే చెబుతున్నాను. రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ను, అంటే కంప్యూటరు పని మధ్యలో వాడుకునే మెమరీని, పరీక్షించే టెస్ట్‌మెమ్5 ప్రోగ్రాం పెట్టి వదిలేశాను. ఐదున్నరకు లేచి చూస్తే ఇరవై ఐదు రౌండ్లూ పూర్తయ్యాయి, తప్పుల గడిలో సున్నా. ఇదే యంత్రం నిన్న మధ్యాహ్నం పెళ్లి వీడియో రెండర్ చేస్తూ, అంటే ఎడిట్ చేసిన ముక్కలన్నీ కలిపి తుది వీడియోగా అల్లుతూ, జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టంలో పెళ్లికూతురి నుదుటి మీదుగా ఆకుపచ్చ చార గీసింది. మళ్లీ రెండర్ చేస్తే చార రాలేదు కానీ, మంగళసూత్రం దగ్గరికి వచ్చేసరికి ప్రోగ్రామే మూతపడింది. పెళ్లివారికి శుక్రవారం పెన్‌డ్రైవ్ చేతికిస్తానని మాటిచ్చి ఉన్నాను.

తప్పు ఎవరి మీదా తోయడానికి లేదు. ర్యామ్‌ను ఓవర్‌క్లాక్ చేసింది, అంటే కంపెనీ చెప్పిన వేగాన్ని మించి పరిగెత్తించింది నేనే. కొత్తది కొందామంటే ఏఐ సర్వర్ల ఆకలికి పోయిన ఏడాది చివరి నుంచి మెమరీ ధరలు కొండెక్కి కూర్చున్నాయి. అందుకని ఉన్న డీడీఆర్4 రకం ర్యామ్‌నే కాస్త పిండుకుందామనుకున్నాను. రెండు పదహారు జీబీ స్టిక్కులు, 3600 వేగానికి 1.35 వోల్టులతో అమ్మినవి. వాటిని 3800కి ఎక్కించి 1.48 వోల్టులు ఇచ్చాను. డీడీఆర్4 ప్రమాణం అడిగేది 1.2 వోల్టులే. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 1.35 నుంచి 1.48కి వెళ్లడం చూడ్డానికి చిన్న అడుగే అయినా వేడి సుమారు 20 శాతం ఎక్కువవుతుంది.

ఈ వేడితో ర్యామ్‌కు ఎందుకంత పేచీ అంటే, అది వేల కోట్ల చిల్లికుండల వరుస. ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలో ఒకసారైనా మళ్లీ నింపుకోవాలి. చిప్పు వేడెక్కేకొద్దీ చిల్లి పెద్దదవుతుంది. 85 డిగ్రీలు దాటాక రెండింతలు తరచుగా నింపమని ప్రమాణంలోనే రాసి ఉంటుంది. నా స్టిక్కులు 85 దరిదాపులకు కూడా పోలేదు. నిన్న చార గీసినప్పుడు 55లో ఉన్నాయి. మరి అంత ముందుగా ఎందుకు తడబడ్డాయంటే, నింపడానికి ఇచ్చే వ్యవధిని కూడా నేనే కోసి పెట్టాను. టీఆర్ఎఫ్‌సీ అనే ఆ వ్యవధి 8 గిగాబిట్ చిప్పులకు మామూలుగా 350 నానోసెకన్లు. నేను 140కి దించాను. బిందె నిండకముందే కుళాయి కట్టేసి, ఆ బిందెను తెచ్చి పొయ్యి పక్కన పెట్టినట్టు. నా స్టిక్కుల్లో ఉన్న శాంసంగ్ బి-డై చిప్పులు చల్లగా ఉంచితే ఇంత బిగింపునూ ఓర్చుకుంటాయి, అందుకే వాటిని ఓవర్‌క్లాకర్లు నెత్తిన పెట్టుకుంటారు. 50 దగ్గరికి వచ్చేసరికి పేచీ మొదలుపెడతాయనీ వాళ్లకు తెలుసు.

అదంతా ఒప్పుకుంటాను. కానీ పోయిన వేసవిలో ఇవే అంకెలు, ఇదే గది, ఇంతే ఎండ. ఒక్క తప్పు రాలేదు. ఈ ఏడాది ఏం మారిందన్నది కాఫీ తాగుతున్నంతసేపూ తొలుస్తూనే ఉంది.

పది గంటలకే రోడ్డు మీద ఎండ చెంప మీద కొట్టినట్టుంది. గవర్నరుపేటలో ఒక దుకాణానికి వెళ్లాను. ర్యామ్ చల్లబరచడానికి ఏమున్నాయని అడిగితే, కుర్రాడు అట్టపెట్టెలోంచి స్టిక్కుల నెత్తిన తగిలించే జంట ఫ్యాన్ల పట్టీ తీశాడు. ఒక్కో ఫ్యాను 40 మిల్లీమీటర్లు. "లైట్లు కూడా వెలుగుతాయి సార్" అన్నాడు. లైట్లు లేనిది ఇవ్వమన్నాను. "అలాంటివి ఎవరూ అడగరండీ" అని నన్ను జాలిగా చూశాడు. కరెంటు పెట్టి తిప్పి చూపించాడు. రెక్క చిన్నది, గాలి రావాలంటే గింగిరాలు తిరగాలి. చెవి దగ్గర దోమ. ఆ దోమ సంగీతంలో సన్నాయి ఆడియో మిక్సింగ్ చేసే ఓపిక నాకు లేదు.

తర్వాత వేడి లాగేందుకు స్టిక్కులకు తొడిగే అల్యూమినియం కోట్లు చూపించాడు. ఆ జోలికి పోను. నాలుగేళ్ల కిందట ఒక పాత స్టిక్కుకు కోటు మార్చబోయి, బలంగా లాగితే జిగురు టేపుతో పాటు ఒక చిప్పు కూడా ఊడి చేతికొచ్చింది. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో టేపును వెచ్చబెట్టి నెమ్మదిగా ఒలుచుకోవాలని తర్వాత తెలిసింది. పైగా ఈ కోట్లలో చాలా వరకు అలంకారమే. గాలి కదలని చోట ఎంత మందం కోటు తొడిగినా అదీ వేడెక్కి కూర్చుంటుంది, అంతే. ఇక నీళ్లు పారే బ్లాకులంటారా, కోటు ఊడదీయాలి, కొత్త పలకలు అతికించాలి, గొట్టాలు కలపాలి. ముత్యమంత పిల్లకు ముంతంత కొప్పు. రికార్డుల కోసం పోటీపడేవాళ్లయితే స్టిక్కుల మీద గిన్నె బిగించి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని పోస్తారు. మా ఫ్రిజ్‌లో ఐసు గడ్డలకే దిక్కులేదు.

చివరికి ఒక కేబుల్ టైల ప్యాకెట్ మాత్రం కొనుక్కుని బయటపడ్డాను. ఎందుకు కొన్నానో అప్పటికి నాకూ తెలియదు. వట్టి చేతులతో రావడానికి మొహమాటం.

ఇంటికి వచ్చి క్యాబినెట్ పక్క తలుపు తీశాను. ముందు మెమరీ పరీక్ష ఒక్కటే నడిపాను. గది 37, రెండో స్టిక్కు 49. నా స్టిక్కుల్లో సెన్సర్ ఉంది కాబట్టి సరిపోయింది, డీడీఆర్4లో అన్నింటికీ ఉండదు. పది నిమిషాలు చూసి, దానితో పాటు గ్రాఫిక్స్ కార్డుకూ బరువు పెట్టాను. అప్పుడు స్టిక్కుల పక్కన అరచెయ్యి అడ్డంగా పెట్టి ఊరుకున్నాను. రెండు మూడు నిమిషాల్లో కింద నుంచి వేడి లేచింది. అట్టు తిరగేసేటప్పుడు పెనం మీంచి వచ్చే సెగలాంటిది, మెల్లగా, ఎటూ పోకుండా చేతి కిందే నిలబడిపోయింది. తెర మీద 51, 53, 55. తప్పుల గడిలో ఒకటి, వెంటనే నాలుగు.

రాత్రి పరీక్ష నెగ్గిన గుట్టు అక్కడే దొరికింది. రాత్రి గది 32, గ్రాఫిక్స్ కార్డు నిద్రలో ఉంది. పగలు రెండరింగ్‌లో అది మేలుకుని ఉడుకుతుంటే, ఆ సెగంతా పై వాటాలో ఉన్న ర్యామ్‌కే. అపార్టుమెంటులో వంటగది మీద అద్దెకున్నవాడి బతుకు.

అయితే పోయిన ఏడాదీ ఇదే కార్డు కదా? అప్పుడు గుర్తొచ్చింది. సంక్రాంతికి ప్రాసెసర్‌కు ముచ్చటపడి నీళ్ల కూలరు పెట్టించాను. అంతకుముందున్నది జానెడు ఎత్తు పాత కూలరు, దాని ఫ్యాను స్టిక్కుల మీదికి సగం ఒరిగి ఉండేది. అది పీల్చే గాలి వీటి సందుల్లోంచే పోయేది. కొత్త కూలరు తన ఫ్యాన్లతో సహా క్యాబినెట్ నెత్తికెక్కింది, ప్రాసెసర్ దగ్గర మిగిలింది ఒక పంపు మాత్రమే. ప్రాసెసర్‌కు ఏడు డిగ్రీలు తగ్గిందని ఆ రోజు సంబరపడ్డాను. పక్కింటివాడి కిటికీ మూసేశానని నాకు తట్టనే లేదు.

పాత కూలరు అటక మీద ఉంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఊడదీసి, బట్టతో దుమ్ము తుడిచాను. ముందు అమ్మ పూలు కట్టుకునే దారంతో వేలాడదీశాను. దారం కొస రెక్కలో పడి టపటపమని కొట్టుకుంది. అప్పుడు కేబుల్ టైలు పనికొచ్చాయి. ఒక కాలు నీళ్ల గొట్టానికి, ఇంకొకటి క్యాబినెట్ అంచుకు, స్టిక్కులకు రెండంగుళాల దూరంలో కాస్త ఏటవాలుగా కట్టాను. చూడ్డానికి గూట్లో ఇరుక్కున్న గబ్బిలంలా ఉంది. సగం వేగంతో తిప్పితే చప్పుడు కూడా లేదు.

అమ్మ వచ్చి చూసింది.

"ఏరా, దానికి విసనకర్ర కట్టావా?"

"అవునమ్మా."

"మన కూలరు ఇటు తిప్పరాదూ? అదీ చల్లబడుతుంది, నువ్వూ చల్లబడతావు."

మా వట్టివేళ్ల తడకల కూలరు మీద అమ్మకు అపారమైన నమ్మకం. ఈ కృష్ణ ఒడ్డు ఉక్కలో అది గాలి కంటే చెమ్మనే ఎక్కువ పంచుతుంది, ఒక్కోసారి తుంపర కూడా. తెరిచి పెట్టిన మదర్‌బోర్డు మీదికి తుంపర వద్దమ్మా అన్నాను. "నీ ఇష్టం, నీ యంత్రం" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అదే పరీక్ష, అదే గ్రాఫిక్స్ కార్డు సెగ. 55లో ఉన్న స్టిక్కు పావుగంటలో 46కి దిగింది. తొమ్మిది డిగ్రీలు, అటక మీద దుమ్ము తిన్న ఫ్యానుతో! ఉత్సాహంగా భోజనానికి కూర్చున్నాను. లేచి వచ్చేసరికి ఏడో రౌండులో ఒక తప్పు.

ఏం చేస్తాం. ఎంత ఫ్యాను తిప్పినా గది వేడి కంటే కిందికి దించదు. గదే 37లో ఉంటే అది విసిరేది 37 గాలినే. ఏసీ పడకగదిలో ఉంది, కంప్యూటరు హాల్లో. యంత్రం మూల సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి టీఆర్ఎఫ్‌సీని మెమరీ గడియారపు 266 టిక్కుల నుంచి 304కి పెంచాను, అంటే 140 నానోసెకన్ల నుంచి 160కి. ఇరవై నానోసెకన్లు వెనక్కి ఇచ్చేయడానికి చెయ్యి రాలేదు, చిన్నప్పుడు గెలిచిన గోళీలు తిరిగి ఇచ్చినంత బాధ. ఒక నిమిషం క్లిప్పు రెండర్ చేసి చూస్తే గడియారంలో తేడా నా కంటికి ఆనలేదు. జీలకర్ర బెల్లం ఘట్టం నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. నుదుటి మీద బాసికం తప్ప ఏమీ లేదు.

సాయంత్రం ఐదు. పరీక్ష పదకొండో రౌండులో ఉంది. గది 36, రెండో స్టిక్కు 45, తప్పుల గడిలో సున్నా. మేడ మీద నుంచి అమ్మ పిలుస్తోంది, ఒడియాల గుడ్డ దించాలట.